గ్రాఫిక్ నొటేషన్‌ను చివరి పాఠంగా మిగల్చకూడదు

సంగీత చరిత్ర బోధనలో, మామూలు స్వరలిపికి బదులు గళ్లు, గీతలు, ఆకారాలతో సంగీతాన్ని రాసే గ్రాఫిక్ నొటేషన్‌కు చాలా చోట్ల దక్కేది చివరి వారమే. ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ స్వరకర్తల్లో మోర్టన్ ఫెల్డ్‌మన్ గళ్ల కాగితం, ఎర్ల్ బ్రౌన్ గీతలు, జాన్ కేజ్ పారదర్శక పత్రాలు ఒక్క గంటలో తెర మీద కదిలిపోతాయి. విద్యార్థులు వాటిని వింత బొమ్మలుగా చూసి, పరీక్ష కోసం పేర్లు గుర్తుపెట్టుకుని లేచిపోతారు. ఈ పాఠం మొదటి వారంలోనే చెప్పాలన్నది నా వాదన.

చరిత్రే ఇందుకు ఆధారం. తొమ్మిది, పది శతాబ్దాల నాటి స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాల్ మఠపు రాతప్రతుల్లోని న్యూమ్‌లు, అంటే పాట మాటల పైన రాసిన చిన్న గుర్తులు, పాట తెలిసినవారికి దాని నడకను గుర్తుచేసేవి. స్వరం కచ్చితంగా ఏ స్థాయిలో ఉందో చెప్పేవి కావు. అయితే త్వరపడమనడానికి ఒక అక్షరం, నిలిపి పాడమనడానికి మరో అక్షరం చేర్చేంత సూక్ష్మత ఆ లేఖకులకు ఉండేది. పదకొండో శతాబ్దంలో ఇటలీ సన్యాసి గీదో ద అరెజ్జో స్వరాన్ని గీతల మీద స్థిరపరచాక, ఎన్నడూ వినని పాటను కూడా చూసి పాడటం సాధ్యమైంది. అది గొప్ప విజయమే. కానీ గీతల మీదికి చేరిన రాతలో ఆ సూక్ష్మ సూచనలు క్రమంగా జారిపోయాయి. అంటే గీతల మీద స్వరాలను రాసే ఈ స్టాఫ్ నొటేషన్ సంగీతానికి అద్దం కాదు. ఒకదాన్ని పొందడానికి మరొకదాన్ని వదులుకున్న ఒక ఎంపిక.

చైనా వాద్యమైన గుచిన్ లిపి మరో ఎంపిక చేసింది. ఏ తీగను, ఏ వేలితో, ఎక్కడ, ఎలా మీటాలో అది చెబుతుంది. ఆ ధ్వని ఎంతసేపు నిలవాలన్నది వాదకుడే నిర్ణయించుకోవాలి. 1950లో చెల్లో కోసం ఫెల్డ్‌మన్ రాసిన ‘ప్రొజెక్షన్ 1’ను దీని పక్కన పెట్టి చూడండి. ధ్వని వ్యవధిని, వాయించే పద్ధతిని గళ్లలో నిర్దేశించిన ఆయన, స్వరాన్ని మాత్రం హెచ్చు, మధ్యమం, తగ్గు అన్న మూడు స్థాయులకు పరిమితం చేసి వాదకుడికి వదిలేశారు. గుచిన్ లిపి విడిచిపెట్టినదాన్ని ఆయన పట్టుకున్నారు, అది తీగతో, స్థానంతో పట్టుకున్న స్వరాన్ని విడిచిపెట్టారు. ఈ రెండింటినీ కలిపి చూసిన విద్యార్థి ఇక ఏ స్వరలిపిని చూసినా, ఇది ఎవరికి ఏ నిర్ణయాన్ని వదిలేస్తోందని అడగకుండా ఉండలేడు. నాకు అన్నిటికన్నా విలువైన ప్రశ్న అదే.

ముందు స్టాఫ్ చదవడం రావాలి, గ్రాఫిక్ స్కోరు (అలా రాసిన సంగీత ప్రతి) ఇష్టం వచ్చినట్టు వాయించడానికి సాకు మాత్రమే అనే అధ్యాపకులున్నారు. ఈ భయం ఫెల్డ్‌మన్‌కూ కలిగింది; తానిచ్చిన స్వేచ్ఛను వాదకులు వాడుకున్న తీరు నచ్చక కొన్నేళ్లు గళ్ల పద్ధతినే పక్కనపెట్టారు. అయితే అది కూడా పాఠంలో భాగమే. బ్రిటిష్ స్వరకర్త కార్నీలియస్ కార్డ్యూ 1963–67 మధ్య రూపొందించిన ‘ట్రీటిస్’ 193 పుటల్లో వాయించే పద్ధతిపై ఒక్క సూచన కూడా లేదు. అందుకే దాన్ని ఎత్తుకున్న బృందం తన నియమాలను తానే ఏర్పరచుకుని, వాటికి తానే కట్టుబడాలి. అంతకన్నా కఠినమైన క్రమశిక్షణ ఏముంటుంది?

అసలు అడ్డంకి మన మూల్యాంకనంలో ఉంది. రాయగలిగినదాన్నే దిద్దుతాం, దిద్దగలిగినదాన్నే నేర్పుతాం. విని రాసే పరీక్షలో స్వరానికీ లయకూ మార్కులుంటాయి. నాదపు రంగుకు, ఊపిరికి, ధ్వని అంచుల గరుకుదనానికి గడే ఉండదు. గడి లేనిదాన్ని వినడం కూడా క్రమంగా మానేస్తాం. సంగీతంలోనే కాదు, విద్య మొత్తంలో ఈ నష్టం జరుగుతోంది. దాన్ని కంటికి కనిపించేలా చూపగల విషయం మాత్రం గ్రాఫిక్ నొటేషనే.

స్వరకర్త లిగెటి 1958లో టేపు మీద రూపొందించిన ‘ఆర్టిక్యులేషన్’ను వాయించడానికి స్కోరు అవసరమే లేదు. అయినా 1970లో రైనర్ వేహింగర్ దానికి రంగుల ఆకారాలతో ఒక శ్రవణ స్కోరు గీశారు. రాత సంగీతం తరువాత వచ్చింది, వినడానికి తోడుగా వచ్చింది. మొదటి తరగతిలో ఆ స్కోరును చూపకుండా ఆ కృతిని వినిపించి, ఒక్కొక్కరినీ తాము విన్నదాన్ని గీయమనాలి. తరువాత కాగితాలు మార్చుకుని, ఒకరి గీతలను మరొకరు గొంతుతో పలికించాలి. ఏది దాటివచ్చిందో, ఏది దారిలో పోయిందో చర్చించుకున్నాకే గీదో గీతలను బోర్డు మీద గీయాలి.