బాలికల గది తాళానికి విన్నపము

మహారాజశ్రీ తాళం గారి దివ్యసముఖమునకు, కడప నుంచి ఒక క్రికెట్ పిల్ల తల్లి నమస్కరించి వ్రాసుకొను విన్నపము. నిన్న మధ్యాహ్నం మూడున్నర గంటలసేపు తమరు చెక్కుచెదరకుండా వేలాడటం కళ్లారా చూశాను కనుక, తమ క్షేమం అడగవలసిన పని లేదు.

ఒంటిగంటకు రమ్మన్న బాలికల ఎంపిక, అబ్బాయిల మ్యాచ్ ముగియలేదని నాలుగున్నరకు మొదలైంది. అందుకు నేను నొచ్చుకోలేదు. వాళ్లు ఆడగా మిగిలిన వెలుతురే ఆడపిల్లలదన్న సంగతి ఎప్పుడో అలవాటైంది. మహిళల క్రికెట్‌కు 140 నుంచి 151 గ్రాముల బంతి వేరే ఉండగా, అబ్బాయిలు అరగదీసిన పెద్ద బంతినే చేతిలో పెట్టినా ఊరుకున్నాను. నా బాధంతా తమరితోనే.

ఆ మైదానంలో బట్టలు మార్చుకోవడానికైనా, మరుగుదొడ్డికైనా ఆడపిల్లలకున్నది ఆ ఒక్క గది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుందన్నారు. అన్నానికి వెళ్లిన వాచ్‌మన్ తిరిగొచ్చి సారు దగ్గరుందన్నాడు. అది ఆఫీసు బీరువాలో ఉందనీ, బీరువా చెవి గుమాస్తా జేబులో ప్రొద్దుటూరు పెళ్లికి వెళ్లిందనీ సారు సెలవిచ్చారు. పిల్లలందరూ ఆ ఎండలో నీళ్ల సీసాలు ఒళ్లో పెట్టుకుని, మూత తీయకుండా కూర్చున్నారు. తాగమంటే నా కూతురు, "వద్దులేమ్మా, తాగితే మళ్లీ పోవాల గదా" అంది. ఎంత మామూలుగా అందంటే, ఇది నిన్నటి ఒక్కనాటి సంగతి కాదని అప్పుడర్థమైంది. పొద్దున నింపిచ్చిన సీసా సాయంత్రానికి నిండుగా తిరిగొస్తే, ఇన్నాళ్లూ పిల్లకు మతిమరుపని తిట్టాను.

తమ నెత్తిన ఒక ఫ్లెక్సీ ఉంది. 2025 నవంబరు 2న నవీ ముంబైలో ప్రపంచకప్పు గెలిచిన జట్టులోని మన జిల్లా అమ్మాయి శ్రీచరణి అందులో నవ్వుతోంది. చుట్టూ, తామే బౌలింగ్ వేసినట్లు, పదిమంది పెద్దమనుషులు నవ్వుతున్నారు. దాన్ని కట్టడానికి నిచ్చెన దొరికింది, తాడు దొరికింది.

ఐదింటికి నా బిడ్డ బౌలింగ్‌కు వచ్చి, మూడో బంతి వేసి కళ్లు తిరిగి కూలబడింది. "ఆడపిల్లలకు ఓపిక తక్కువమ్మా" అన్నారు సారు.

ఓపిక కాదు, తుప్పుపట్టిన ఇనుపముక్కా, దానికి తక్కువైంది నీళ్లు! అదీ నీ మూలంగా, నిన్ను వేసి మరిచిపోయినవాళ్ల మూలంగా!

మిగిలిన ఎంపిక రేపు ఉదయమట. బజారులో ఆక్సా బ్లేడు ఒకటి కొని, టిఫిన్ డబ్బా పక్కన సర్దాను.

ఇట్లు,
రేపు పెందలాడే రాబోతున్న తల్లి