షాట్ లిస్టు గారికి, ఎడిటింగ్ టేబుల్ దగ్గర్నుంచి

మహారాజశ్రీ షాట్ లిస్టు గారి దివ్య సముఖమునకు,

పర్లాకిమిడి నుంచి ఎడిటర్ నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమం కారని తెలుసు. ఆరు పేజీల్లో రెండు మొన్న ముంత మసాలా పొట్లాలకి సరిపోయాయి. మూడో పేజీ మీద టీ గ్లాసు మరక పడింది, సరిగ్గా 'డ్రోన్ షాట్' అన్న మాట చుట్టూ. డ్రోన్ ఎలాగూ దొరకలేదు కాబట్టి సున్నా చుట్టినట్టే లెక్కేసుకున్నాం.

ఏ షాటు ఎలా తీయాలో షూటింగుకి ముందే రాసిపెట్టిన తమరు మామూలు లిస్టా? మా ప్రాజెక్టు వీడియోలో మూడున్నర నిమిషాల పాటకి 46 షాట్లు. ప్రతిదానికీ నంబరు, లెన్సు, టైము, ఆపైన 'భావం' అని ఒక గడి. 23వ షాటు భావం గడిలో 'వేదన, మధ్యస్థం' అని ఉంది.

ఆ 23 సంగతే చెబుతాను. మహేంద్రతనయ నది ఒడ్డున మా హీరో పల్లవి పాడుతూ స్లో మోషన్‌లో తల తిప్పాలి. సెకనుకి 50 ఫ్రేములతో తీసి 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో పరిస్తే సగం వేగం వస్తుందని తమరికి తెలుసు. పెదాలు పాటతో కలవాలంటే షూటింగులో పాటని రెట్టింపు స్పీడులో పెట్టి, వాడిచేత అంతే స్పీడుగా పాడించాలని మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మేం మామూలు స్పీడులోనే పెట్టాం. ఇప్పుడు మావాడు పన్ను పీకించుకుని, మత్తు దిగకుండానే వచ్చి పాడుతున్నట్టున్నాడు. "ఏట్రా, ఆడికి ఒంట్లో బాగోలేదా?" అన్నాడు పక్కనున్న ఫ్రెండు. వేదన వచ్చింది. మధ్యస్థం కాదు, తీవ్రం. వాడికి కాదు, నాకు.

ఇక రాజావారి కోట మీద 12 సెకన్ల పాన్, అదే కెమెరాని అటు నుంచి ఇటు తిప్పే షాటు. పాట నిమిషానికి 100 బీట్లు, అంటే బీటుకి 15 ఫ్రేములు. తమరి కెమెరా కోట గోడంతా తడుముకుంటూ ఆ చివరికి చేరేసరికి ఇరవై బీట్లు అయిపోతున్నాయి. అక్కడ డప్పు ఊరేగుతుంటే ఇక్కడ బొమ్మ భోజనం చేసి కునుకు తీస్తోంది. కత్తిరించి 30 ఫ్రేములు ఉంచాను.

షాట్ 31లో రైలు ఆలస్యంగా రావాలి, హీరోయిన్ ఎదురుచూడాలి. గేటు ఇవతల ట్రైపాడ్ కాళ్లు విప్పుతుంటే రైలు టైముకే వచ్చి వెళ్లిపోయింది. 1900లో చిన్న రైలుగా మొదలైన లైను, పెద్ద పట్టాలెక్కాక కూడా మాకెప్పుడూ ఇంత మర్యాద చేయలేదు.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరండీ ఇది. జనం మాట్లాడేట్టు రాయమని ఆయన జీవితమంతా పోరాడితే, తమరు ఇప్పటికీ గ్రాంథికంలోనే ఉన్నారు. అసలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు ఊరు ఊరినే మద్రాసు ప్రెసిడెన్సీలోంచి కట్ చేసి ఇటు పేస్ట్ చేశారు. షాట్ 12, షాట్ 40 చోట్లు మార్చుకుంటే కొంప మునుగుతుందా? హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ లెక్కలో మంచి కట్‌కి భావోద్వేగం 51 శాతం, ఎవరు ఎక్కడ నిలబడ్డారన్న కంటిన్యుటీ 4 శాతం. తమరు ఆ 4 శాతం కోసమే హీరో చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టించారు.

రెండో చరణం ముందు పాట ఒక్క క్షణం ఆగుతుంది. అక్కడ తమరు రాసినవన్నీ పెట్టి చూశాను, ఏదీ నిలవలేదు. చివరికి కెమెరా ఆపడం మర్చిపోయిన క్లిప్ ఒకటి దొరికింది. 'కట్' అన్నాక హీరోయిన్ ఒంటికాలి మీద నిలబడి, తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుంటోంది. పిన్నీసు వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని, ఎవరైనా చూశారా అని మా వైపు చూసి నవ్వేసింది. సరిగ్గా 60 ఫ్రేములు. నేను ఒక్క ఫ్రేము కూడా కొయ్యలేదు. మా సారు చూసి "భలొ హెలా" అన్నారు, అంటే ఒడియాలో బాగా వచ్చిందని. వెంటనే, "ఇంత బాగా ముందే ఎలా ప్లాన్ చేశారు?" అని అడిగారు.

ప్రాజెక్టుతోపాటు, షూటింగుకి ముందు తయారుచేసిన షాట్ లిస్టు జతచేయాలట. అందుకని రాత్రి వీడియో ఆపి ఆపి చూస్తూ తమర్ని మొదటి నుంచి మళ్లీ రాశాం. 46 కాస్తా 29 అయ్యారు. షాట్ 17: చెప్పు తెగును, పిన్నీసు గుచ్చుకొనును. భావం: సహజం. తేదీ మాత్రం పాతదే వేశాం.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఎడిటర్