బుడగలో ఎవరి తెలుగు?

ఆరో తరగతికి వచ్చేసరికి తెలుగు పిల్లలకు పుస్తకాలు కరవవుతాయి. చిన్నపిల్లలకు రంగురంగుల బొమ్మల పుస్తకాలున్నాయి. కొంచెం పెద్దవాళ్లకు నీతికథలు, తెనాలి రామకృష్ణుడి కథలు ఉన్నాయి. పెద్దయ్యాక నవలలు ఎలాగూ ఉన్నాయి. ఈ మధ్యలో 11 నుంచి 13 ఏళ్ల వాళ్లు, అంటే 6, 7, 8 తరగతుల పిల్లలు ఏం చదవాలి? తమ ఈడు పిల్లలు, తమలాంటి ఇళ్లలో, తమకొచ్చే చిక్కుల్లోనే ఉండే కథలు తెలుగులో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఈ ఖాళీని నింపడానికి బొమ్మల నవల, అదే గ్రాఫిక్ నవల, చాలా అనువైన రూపం. అయితే ఇంగ్లీషులో పేరొచ్చిన నాలుగు పుస్తకాలను తెలుగు చేసి బీరువాలో పెడితే సరిపోదు. తెలుగులో వైవిధ్యం మొదట తేలేది పాత్ర నోటి దగ్గర గీసిన బుడగలోనే. అందులో ఎవరి తెలుగు ఉందన్నది చూడాలి.

బొమ్మల నవలలో రచయిత గొంతు చాలా తక్కువ. వాన కురుస్తోందని రాయక్కర్లేదు, బొమ్మే చూపిస్తుంది. పేజీలో మిగిలేవి దాదాపు అన్నీ ఎవరో ఒకరి నోటి మాటలు. పలాస పిల్ల ‘ఏటి సేస్తన్నావ్’ అంటుంది. సిద్దిపేట పిల్ల ‘ఏం జేస్తున్నవ్’ అంటుంది. మదనపల్లె పిల్లాడు ‘ఏం జేస్తాండావ్’ అంటాడు. ఈ ముగ్గురి చేతా ‘ఏం చేస్తున్నావు’ అనిపిస్తే ముఖాలు మూడు గీసినా మనిషి ఒక్కడే అవుతాడు. 1947లో మొదలైన చందమామ అందరికీ అర్థమయ్యే ఒక తేట తెలుగును తరాల పాటు పిల్లలకు అలవాటు చేసింది. అది గొప్ప సేవే. కానీ పిల్లల పుస్తకమంటే ఆ ఒక్క తెలుగే ఉండాలన్న అలవాటు మనకు అక్కడే పాతుకుపోయింది.

చిత్రమేమిటంటే, ఇంటి భాషలో మాట్లాడే పిల్లలు తెలుగు సాహిత్యంలో లేకపోలేదు. పెద్దల అరలో ఉన్నారు. చిత్తూరు జిల్లా పలుకుబడితో నామిని ‘పచ్చనాకు సాక్షిగా’, నెల్లూరు యాసలో మహమ్మద్ ఖదీర్ బాబు ‘దర్గామిట్ట కతలు’ రాశారు. రెండింటిలోనూ కథ చెప్పేది బడికెళ్లే పిల్లాడే. వీటిని ఏడో తరగతి పిల్లల చేతికి అందేలా బొమ్మలతో మళ్లీ కూర్చాలన్న ఆలోచన ప్రచురణకర్తలకు పెద్దగా రాలేదు. హైదరాబాద్‌లోని అన్వేషి పరిశోధన కేంద్రం 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో తెచ్చిన కథల వరస ఈ దారిలో గట్టి ప్రయత్నం. తెలుగు, మలయాళం, ఇంగ్లీషు మూడింటిలోనూ వచ్చింది. దళిత, ముస్లిం ఇళ్ల పిల్లలు అందులో కథానాయకులు. ఖదీర్ బాబు రాసిన కథ తలకాయ కూర చుట్టూ నడుస్తుంది. మాంసం వండే ఇల్లు పిల్లల పుస్తకంలో మామూలు ఇల్లుగా కనిపించడం మన దగ్గర ఎంత అరుదో ఆలోచిస్తే, ఆ చిన్న కథ విలువ తెలుస్తుంది.

బొమ్మలతో కథ చెప్పడం మనకు అరువు విద్య కూడా కాదు. తెలంగాణలోని చేర్యాలలో గుడ్డ మీద గీసే నకాషీ పటాలు గడులు గడులుగా సాగే కథలే. పటం చుట్ట విప్పుకుంటూ, గడిని చూపిస్తూ కథకుడు పాడతాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, మాదిగలకు జాంబ పురాణం, ఇలా ఏ కులం కథ ఆ కులానికి ఉండేది. చెప్పే మనిషి పక్కనే ఉండేవాడు కనుక బుడగ అవసరం రాలేదు. పుస్తకంలో ఆ మనిషి లేడు. ఆయన గొంతు పని బుడగ చేయాలి.

బుడగతో ఎంత పని చేయించవచ్చో రెండు పుస్తకాలు చూస్తే తెలుస్తుంది. అంబేడ్కర్ ఎదుర్కొన్న అంటరానితనం మీద 2011లో వచ్చిన ‘భీమాయన’కు పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. అందులో మెత్తటి మాట పక్షి ఆకారపు బుడగలో ఉంటుంది. విషపు మాట బుడగకు తేలు కొండి ఉంటుంది. నీళ్లివ్వనన్నవాడి మాటకు కొండి కనిపించగానే పదకొండేళ్ల పిల్లకు ఇక వివరించాల్సిన పని ఉండదు. మన ఆదిలాబాద్ గోండుల గాథలు కిక్రి అనే తీగ వాయిద్యం వాయిస్తూ పాడేదీ పర్ధాన్లే కనుక ఈ పుస్తకం మనకు పరాయిది కాదు. రెండోది సెస్ బెల్ రాసి, గీసిన ‘ఎల్ డెఫో’. వినికిడి లోపం ఉన్న పిల్ల కథ అది. వినికిడి యంత్రంలో బ్యాటరీ అయిపోతూ ఉంటే బుడగలోని అక్షరాలు పాలిపోతాయి, ఆ తర్వాత బుడగ ఖాళీగా మిగులుతుంది. చదివే పిల్లకూ అక్కడ ఏమీ వినపడదు.

ఇలాంటి పుస్తకాన్ని తెలుగులోకి తేవాలంటే మాటకు మాట పెడితే కుదరదు. పెదవుల కదలికను చూసి మాట పోల్చుకునే పిల్ల పొరబడే చోట తెలుగు పెదవులతోనే పొరబడాలి. ప, బ, మ మూడింటికీ పెదవులు ఒకేలా మూతపడతాయి. పాట, బాట, మాట: చూసే కంటికి మూడూ ఒకటే. అనువాదకుడు వెతకాల్సింది ఇటువంటి చోట్లు.

ఇక అసలు దెబ్బతినేది అక్షరాల కూర్పు దగ్గర. ఇంగ్లీషు కామిక్స్‌లో మాటలు సాధారణంగా అన్నీ క్యాపిటల్ అక్షరాల్లో ఉంటాయి. కిందికి వేలాడే తోకలుండవు కనుక వరసలను దగ్గరగా పేర్చినా ఇబ్బంది లేదు. తెలుగులో ‘లక్ష్మి’ అని రాసి చూడండి. ‘క’ నెత్తిన గుడి, అడుగున ష వత్తు, మ వత్తు. దాని కింది వరసలో ‘కీర్తి’ పడితే పై వత్తులు వచ్చి కింది గుడి మీద కూర్చుంటాయి. అచ్చులో అక్షరాన్ని కొలిచేది పాయింట్లలో. 10 పాయింట్ల అక్షరానికి ఇంగ్లీషులో వరసకూ వరసకూ 12 పాయింట్లు ఇస్తే చాలు, తెలుగుకు 14, 15 కావాలి. నాలుగు వరసలు పట్టిన బుడగలో ఇప్పుడు మూడే పడతాయి.

పైగా తెలుగు మాట పొడవు. ఇంగ్లీషులో ఐదు చిన్న మాటలుగా విడిపోయి సన్నటి బుడగలో నిలువుగా ఒదిగిపోయే వాక్యం మన దగ్గర ‘వెళ్లిపోతున్నారనుకున్నాను’ అని పది అక్షరాల ఒకే మాటవుతుంది. అప్పుడు కంప్యూటర్లో పేజీలు కూర్చే డీటీపీ వారికి దొరికే దారులు రెండే. అక్షరాన్ని 7 పాయింట్లకు కుదిస్తారు, లేదా మాటను ఎక్కడపడితే అక్కడ విరుస్తారు. రెండింటిలో ఏది చేసినా నెమ్మదిగా చదివే పిల్లాడు నాలుగో పేజీలో పుస్తకం మూసేస్తాడు. దీనికి మందు అనువాదం దగ్గరే ఉంది. ‘వెళ్తారేమో అనుకున్నా’ అంటే రెండు వరసల్లో హాయిగా సర్దుకుంటుంది, పిల్లలు అనేదీ అలాగే. అనువాదకుడికి మాటల జాబితా ఒక్కటే పంపకుండా బొమ్మల పేజీలు పంపాలి. బుడగకు 10, 12 మాటలు మించకూడదు. మూల ప్రచురణకర్త దగ్గర హక్కులు తీసుకునేటప్పుడే బొమ్మ, బుడగ, మాట వేర్వేరు పొరలుగా ఉన్న ఫైలు అడగాలి. లేకపోతే బుడగను వెడల్పు చేసే వీలే ఉండదు. కొత్తగా తెలుగులోనే గీసేవారైతే మొదటి నుంచీ అడ్డంగా సాగిన బుడగలు గీసుకోవాలి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు వాడేటప్పుడు వరల్డ్-రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి, అదీ చూసుకోవాలి.

అన్నీ సరిగ్గా కుదిరాక ప్రూఫు దగ్గర ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. ‘నేను పోతున్న’ అని సిద్దిపేట పిల్ల అంటే, తప్పు పడిందనుకుని ‘పోతున్నాను’ అని దిద్దుతారు. మూడో పేజీలో ఒకలా, ముప్ఫయ్యో పేజీలో ఒకలా మాట్లాడే పిల్ల తయారవుతుంది. పాత్రకో కాగితం చొప్పున క్రియలు, వరసల పిలుపులు, ఊతపదాలు రాసి ప్రూఫు చూసేవారికి ఇస్తే ఈ తిప్పలుండవు. యాసను ప్రతి అక్షరంలో చూపించాలన్న తాపత్రయం కూడా మంచిది కాదు. క్రియ చివర, పిలుపు, రెండు మూడు ఇంటి మాటలు, ఇంత చాలు. అంతకు మించితే పక్క జిల్లా పిల్లలు చదవలేరు. అన్నిటికన్నా ముఖ్యం: యాస మాట్లాడేది హాస్యగాడో పనిమనిషో అయి, కథ నడిపే పిల్ల మాత్రం పుస్తకాల తెలుగు మాట్లాడితే, అలాంటి పుస్తకం రాకపోవడమే మేలు. సవర, కోయ, గోండి పిల్లల కథల్లో ఇంట్లో మాట్లాడే మాటలు వాళ్ల భాషలోనే తెలుగు లిపిలో ఉంచి, తెలుగు అర్థం గడి అడుగున ఇవ్వవచ్చు. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లోలా ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు అన్న పద్ధతి మాత్రం ఇక్కడ పనికిరాదు. అవే బొమ్మలు రెండుసార్లు అచ్చు వేయాల్సి వస్తుంది, ఖర్చు పెరుగుతుంది, కథ నడక చెడుతుంది.

సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద బడి గ్రంథాలయానికి ఏడాదికి అందేది బడి స్థాయిని బట్టి 5,000 నుంచి 20,000 రూపాయలు. ఆ డబ్బుతో కొనేవారు పుస్తకం మధ్యలో ఏవైనా మూడు చోట్ల తెరిచి చూడాలి. నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారు? చక్రాల కుర్చీలోని పిల్లాడు ఇతరుల జాలి అందుకోవడానికే ఉన్నాడా? ముస్లిం పిల్ల రంజాన్ నాడు తప్ప కనిపించదా? ఆదివాసీ పిల్లాడు అడవి దాటి బడిలో, బస్సులో ఎక్కడైనా ఉన్నాడా? జవాబులు నచ్చకపోతే అక్కడే వదిలేయాలి. బైండింగూ చూడాలి. జిగురుతో అతికిన లావు పుస్తకంలో రెండు పేజీలకు పరుచుకున్న బొమ్మ మధ్య భాగం మడతలో మాయమవుతుంది, బలంగా తెరిస్తే పేజీలు ఊడతాయి. కుట్టిన పుస్తకం, పిన్నులు కొట్టిన పలచటి పుస్తకం బడిలో ఎక్కువ కాలం నిలుస్తాయి.

కొనడానికి ఏమీ దొరకని చోట పిల్లలే తయారు చేయవచ్చు. ఒక ఎ4 కాగితాన్ని ఎనిమిది గడులు వచ్చేలా మడిచి విప్పాలి. తర్వాత అడ్డంగా సగానికి మడిచి, మడత వైపు నుంచి నడిమి గీత మీద ఒక్క గడి మేర కత్తిరించాలి. విప్పి, నిలువుగా మడిచి, రెండు చివరలనూ లోపలికి నెడితే ఎనిమిది పేజీల పుస్తకం అవుతుంది. గీయకముందే, మడత పెట్టి ఉండగానే పేజీలకు అంకెలు వేయించాలి. విప్పినప్పుడు సగం పేజీలు తలకిందులుగా ఉంటాయి, అంకెలు లేకపోతే కథ తారుమారవుతుంది. పని అయ్యాక విప్పి ఒక వైపు జిరాక్స్ తీస్తే తరగతి మొత్తానికీ ప్రతులు వస్తాయి. పిల్లలు ముందు ముఖాలు గీసి, చివర్లో మిగిలిన మూలలో మాటలు ఇరికిస్తారు. అందుకే ముందు మాట రాయించాలి, దాని చుట్టూ బుడగ, ఆ తర్వాతే ముఖం. వత్తు తప్పితే దిద్దవచ్చు. ‘పోయినం’ అని రాసిన చోట ఎర్ర సిరాతో ‘పోయాము’ అని మాత్రం దిద్దకూడదు.