క్లోండైక్ కాటా గారికి

మహారాజశ్రీ ఎలక్ట్రానిక్ కాటా గారి దివ్యసముఖానికి,

నిన్న ఆదివారం భోజనం కాగానే బంగారు గనుల రియాలిటీ షో 'గోల్డ్ రష్'లో తమ దర్శనం కోసం టీవీ ముందు కూర్చున్న ప్రేక్షకుడి విన్నపం. మధ్యాహ్నం గడిచి సాయంత్రం టీ కూడా అయిపోయింది గానీ, అందులో గని తవ్వే పార్కర్ ష్నాబెల్ బృందానికి ఎన్ని ఔన్సుల బంగారం వచ్చిందో తమరు సెలవివ్వనే లేదు.

కెనడాలోని యూకాన్‌లో, క్లోండైక్ సీమలో, డాసన్ సిటీ చుట్టుపక్కల వాళ్లు పడే పాట్లు నాకు తెలియనివి కావు. పైమట్టి ఎత్తిపోయాలి, ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల కరిగేదాకా ఆగాలి, అడుగురాయి మీది కంకర తవ్వి కడగాలి, నీళ్లు పారే స్లూయిస్ పెట్టెల చాపల్లో చిక్కిన బంగారు రేణువులు ఏరాలి. చలికి నీళ్లు బిగుసుకుపోయేలోపే ఇదంతా జరగాలి. అంతమంది అంత చేశాక తమరికి మిగిలేది ఒకే ఒక్క పని, అంకె చూపించడం.

ఆ ఒక్క పనికి ఎంత ఆర్భాటమండీ! డబ్బాలోని బంగారమంతా ఒకేసారి తమ నెత్తిన పెడితే అర నిమిషంలో లెక్క తేలుతుంది. అలా పెట్టరు. పెళ్లి పంక్తిలో పిసినారి నెయ్యి వడ్డించినట్టు బొట్టుబొట్టుగా ఒంపుతారు. పక్కన ఒకాయన "పది... ఇరవై... ముప్పై..." అని చదువుతూ ఉంటాడు, మాకు అంకెలు రానట్టు. సరిగ్గా తొంభై దగ్గర ఒంపే చేయి ఆగుతుంది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ప్రకటనలు! సబ్బు, సిమెంటు, మళ్లీ సబ్బు. తిరిగొచ్చాక తొంభై నుంచి అందుకుంటారా? లేదు, మరో గని యజమాని టోనీ బీట్స్ గారి గనిలో బెల్టు తెగిందట, అందరం అక్కడికి పోవాలి. ఆ బెల్టు అతికాక మళ్లీ "పది... ఇరవై..."

ఏమనుకుంటున్నావు నువ్వు? మాకు వేరే పనులు లేవనా?

తన చెరువులో పెట్రోలు పోసి తగలబెట్టనిచ్చిన కేసులో టోనీకీ ఆయన కంపెనీకీ 2017లో యూకాన్ కోర్టు జరిమానా వేసింది, మొత్తం 31,000 డాలర్లు. ఆ న్యాయమూర్తి అంకెను ఒకే మాటలో చెప్పాడు. వెయ్యి, రెండు వేలు అంటూ ఒంపలేదు.

పైగా దీన్ని పార్కర్‌కీ టోనీకీ మధ్య పోటీ అంటారు. పార్కర్ ఏళ్ల తరబడి తవ్వింది టోనీ దగ్గర కౌలుకు తీసుకున్న నేలనే. తీసిన బంగారంలో ఆసామి వాటా ఆసామికి పోతుంది. కౌలుదారు గెలిచినా టోనీకి లాభమే, నేను మాత్రం ఇక్కడ గోళ్లు కొరుక్కుంటూ కూర్చోవాలి! ఆ వాటా, డీజిలు, జీతాలు తీసేసి ఏనాడైనా చూపించావా? అసలు నీ మీద పోసేది మేలిమి బంగారమైతే కదా! క్లోండైక్ బంగారంలో దాదాపు ఐదో వంతు వెండి, ఇతర లోహాలే. మా వీధి కంసాలి గీటురాయి మీద గీసి చూడనిదే ధర చెప్పడు. నువ్వు బరువు చెబితే చాలు, వాళ్లు కేకలు వేసి కౌగిలించుకుంటారు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. 2010లో మొదలైన ఈ షో తొలి సీజన్‌లో, అమెరికాలోని ఆరెగన్ నుంచి బంగారం కోసం అలాస్కా వెళ్లిన హాఫ్‌మన్ బృందానికి అంతా కలిపి 15 ఔన్సులైనా రాలేదు. గొప్పలు చెప్పుకోవడానికి అక్కడ అందరూ సిద్ధంగానే ఉన్నారు, నువ్వు ఒక్క రవ్వ కూడా కలపలేదు. అందుకే ఇంకా చూస్తున్నాను.

వచ్చేవారం టోనీ డబ్బా నీ దగ్గరికి వస్తుందట. ఆయన తిట్లమీద వేసే బీప్ మోతలో అంకె ఎలాగూ వినిపించదు. కనీసం నువ్వైనా త్వరగా చూపించు.