మొరగలేదు, ఊళ వేసింది

మా అపార్ట్‌మెంటుకు నేను కార్యదర్శిని ఎట్లా అయ్యానంటే, ఆ రోజు మీటింగుకు పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను, అంతే. అక్కడ లేనివాడి నెత్తిన పదవి పెట్టడం మనకు ఆనవాయితీ కదా. తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డుకు రెండు సందులు లోపల, ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు, ఒక లిఫ్టు, ఒక వాచ్‌మన్, ఒక కంప్లైంట్ల రిజిస్టరు. ఆ రిజిస్టరు ఇప్పుడు నా ముందే ఉంది. ఆరు నెలల్లో 41 ఫిర్యాదులు. లిఫ్టు మధ్యలో ఆగిపోయి ఒక పెద్దావిడ ఇరవై నిమిషాలు అందులో ఇరుక్కుపోయినందుకు ఒకటి. నీళ్ళు రానందుకు ఆరు. మిగిలిన 34, ఒక్క కుక్క మీద.

వీటిని మామూలు ఫిర్యాదులని తీసిపారేయకండి, ఒక్కొక్కటీ ఒక్కో రచన. రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ తెలుగు పండితులు కుక్క అనే మాట వాడకుండా మూడు పేజీలు రాశారు. అంతా 'శునక రోదనము', 'నిద్రాభంగము'. ఎదురు ఫ్లాటాయనది బ్యాంకు ఉద్యోగం, ఆయన పద్ధతి వేరు, లెడ్జరు రాసినట్టు గీతలు గీసి టైముతో సహా వేశారు: 11.42కు మూడుసార్లు, 11.44కు రెండుసార్లు కాస్త గట్టిగా, 12.10కి నిశ్శబ్దం, అనుమానాస్పదం. అరిస్తే ఫిర్యాదు, అరవకపోతే అనుమానం. ఇంతటి శ్రద్ధ ఆయన బ్యాంకులో చూపించి ఉంటే, మా నాన్న పెన్షన్ పాస్‌బుక్కులో ఎంట్రీలు వేయించుకోవడానికి నేను నాలుగుసార్లు తిరగాల్సిన పని ఉండేది కాదు.

వాట్సాప్ గ్రూపు సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. రాత్రి రెండు గంటలకు 302 ఆయన వాయిస్ మెసేజ్ పెడతాడు. కుక్క అరిచింది నలభై సెకన్లు, దాని గురించి ఈయన మాట్లాడింది నాలుగు నిమిషాలు. ఆ టింగుమనే చప్పుడుకు మిగిలిన పంతొమ్మిది ఫ్లాట్లూ లేచి, ఒక్కొక్కరూ ఒక దండం బొమ్మ పెడతారు. పంతొమ్మిది టింగులు. గంగ జాతరలో బండ వేషం రోజున ఎవరు ఎవరినైనా తిట్టుకోవచ్చని మన ఊళ్ళో ఒక వెసులుబాటు ఉంది, ఆ ఒక్క రోజుకు జనం ఏడాదంతా ఎదురు చూస్తారు. మా గ్రూపులో అంత ఓపిక ఎవరికీ లేదు.

ఇక నిందితుడి విషయానికొద్దాం. 501 ఆయన ప్లాట్ల వ్యాపారి. కొడుకు ఫోన్లో ఏదో వీడియో చూసి అడిగాడని 35 వేలు పోసి సైబీరియన్ హస్కీని కొనుక్కొచ్చాడు. అది మంచులో బండి లాగడానికి పుట్టిన జాతి. ఒంటినిండా రెండు పొరల బొచ్చు. దాన్ని తెచ్చి తిరుపతిలో, మే నెలలో 42 డిగ్రీలు చూసే ఊళ్ళో, మంచు అంటే జ్యూస్ బండి మీద మాత్రమే కనబడే ఊళ్ళో, ఐదో అంతస్తు పైన టెర్రస్ మీద కట్టేశాడు. పేరు స్నోయీ. మా వాచ్‌మన్‌కు ఆ పేరు నోరు తిరగక సోమయ్య అంటాడు. అది కూడా సోమయ్యకే తిరిగి చూస్తుంది.

మొదటి మీటింగులో 501 ఆయన్ని నిలబెట్టి అడిగారు. ఆయనేమీ తడబడలేదు.

"మా కుక్క మొరగతా ఉందని ఎవురప్పా చెప్పింది? ఇంతవరకు ఒక్కసారి గూడా మొరగలేదు. కాణిపాకంలో ప్రమాణం చేయమంటే చేస్తా, రాండి పోదాం."

అందరూ నోళ్ళు మూసుకున్నారు. చిత్తూరు జిల్లా వాళ్ళకు చెప్పక్కర్లేదు, కాణిపాకం మాటంటే అది కోర్టు కన్నా పెద్దది, అక్కడ అబద్ధం ఆడితే ఏమవుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంత ధైర్యంగా ఎట్లా అంటున్నాడా అని నేను బుర్ర గోక్కుంటుంటే ఆయనే విప్పి చెప్పాడు. హస్కీ మొరగదట. ఊళ వేస్తుందట. రిజిస్టర్లో మీరు రాసింది మొరుగుడు గురించి, కాబట్టి కేసు చెల్లదు. వకీలు దగ్గర కూర్చుని వచ్చినవాడిలా చెప్పాడు.

ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. ఊళ అన్న మాట చెవిన పడగానే మూడో అంతస్తు ముసలాయన కుర్చీలోంచి సగం లేచాడు. కుక్క ఊళ వేస్తే కీడు కదా, ఎవరో పోతారు కదా, మరి అది ఆరు నెలలుగా వేస్తోంది కదా, ఈ బిల్డింగులో అందరికన్నా పెద్దవాణ్ణి నేనే కదా! "ఇన్ని దినాలూ నాకోసరమే ఏడస్తా ఉందా అది?" అన్నాడాయన, చాలా నెమ్మదిగా. ఆయన కోడలు 501 ఆయన వైపు చూసిన చూపు నేను ఇప్పట్లో మరిచిపోను. శాంతి చేయించాలా, ఖర్చు మెయింటెనెన్సులోంచి ఇవ్వాలా, 501 వాళ్ళు పెట్టుకోవాలా అని ముప్పావు గంట చర్చ జరిగింది. మినిట్స్‌లో రాశాను. సంతకాలు కూడా ఉన్నాయి.

ఆఖరుకు, కుక్కను పంపించేయాలని తీర్మానం చేద్దామన్నారు. 501 ఆయన ఫోన్ తీశాడు. జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చిందనీ, మెజారిటీ ఉన్నా సరే అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి లేదనీ గడగడా చదివాడు. నిజమే, లేదు. అదే కాగితంలో కుక్క వల్ల పక్కవాళ్ళకు ఇబ్బంది రాకుండా చూసుకోవాల్సింది యజమానే అని కూడా ఉంటుంది, ఆ భాగం వచ్చేసరికి ఆయన ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది.

అప్పుడు కోశాధికారిగారికి శాస్త్రీయమైన ఆలోచన వచ్చింది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. కాబట్టి కొలుద్దాం. ఆధారం ఉంటే ఎవడూ కాదనలేడు. ఐదుగురితో శబ్ద పరిశీలన ఉపసంఘం ఏర్పడింది, కార్యదర్శి హోదాలో నేను దానికి కన్వీనర్ని. శనివారం రాత్రి పదకొండున్నరకు టెర్రస్ మీద సమావేశం. లుంగీలు, మంకీ క్యాప్ ఒకటి, ఫ్లాస్కులో టీ, వాచ్‌మన్ చేతిలో టార్చి, కోశాధికారిగారి ఫోన్లో డెసిబెల్స్ కొలిచే యాప్. ఇంత బందోబస్తు నేను బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజున తప్ప ఎక్కడా చూడలేదు.

మమ్మల్ని చూడగానే సోమయ్య లేచి నిలబడి తోక ఊపడం మొదలుపెట్టాడు. మొరగలేదు. ఊళ వేయలేదు. గొలుసు బిగుసుకునేదాకా ముందుకొచ్చి, ముందుకాళ్ళు గాల్లోకి లేపి, ఐదుగురినీ ఒక్కొక్కరినే చూస్తూ తోక ఊపుతూనే ఉన్నాడు. పది నిమిషాలు ఎదురు చూశాం. ఇరవై నిమిషాలు. ఏమీ లేదు. ఫోన్ మీద అంకె మాత్రం 62 దగ్గర నిలబడింది, ఎందుకంటే ఫోన్ ఎవరు పట్టుకోవాలి, ఎంత దూరంలో పట్టుకోవాలి అని ఇద్దరు సభ్యులు గట్టిగా వాదించుకుంటున్నారు.

"అది మొరగాలంటే దానికి ఇంకో కుక్క వినపడాల," అన్నాడు 302 ఆయన.

ఇంకో కుక్కను ఎక్కడినుంచి తెస్తాం? కోశాధికారిగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. ఒకప్పుడు కాలేజీలో నాటకాలు వేసిన మనిషి. గొంతు సవరించుకుని, పిట్టగోడ మీద చేతులానించి, "భౌ" అన్నారు. సోమయ్య తల ఒకవైపు వంచి ఆయన్ని జాలిగా చూశాడు. ఇంకాస్త గట్టిగా, "భౌ భౌ భౌ." అంకె 78కి పోయింది. అప్పుడు సందు చివర టిఫిన్ బండి కింద పడుకున్న ఊరకుక్క ఒకటి బదులిచ్చింది, దానికి పక్క సందువి, వాటికి రైతు బజారు వైపువి, మొత్తం పేట పేటంతా లేచింది. ఎదురు బిల్డింగులో లైట్లు వెలిగాయి. నా ఫోన్ మోగింది. అవతలి అపార్ట్‌మెంట్ కార్యదర్శి, పాపం ఆయన కూడా మీటింగుకు లేటుగా వెళ్ళినవాడే అయ్యుంటాడు, "సార్, మీ మిద్దె మీద కుక్క శానా ఇబ్బంది పెడతా ఉంది, కొంచెం చూడండి సార్" అన్నాడు. చూస్తానని చెప్పాను. కోశాధికారిగారి వైపు చూశాను.

నివేదికలో ఉన్నది ఉన్నట్టు రాశాను. ఆ రాత్రి నమోదైన అత్యధిక శబ్దం 78 డెసిబెల్స్, కారకులు కోశాధికారి. దాన్ని కొట్టేయమని ఇప్పటికీ ఒత్తిడి వస్తోంది.

ఇదంతా ఎవరికి చెప్పినా నవ్వుతారు. నేనూ నవ్వుతూనే చెప్పేవాణ్ణి, మే నెలలో ఒక మధ్యాహ్నం దాకా.

ట్యాంకు నిండి పొర్లుతోందని వాచ్‌మన్ ఊళ్ళో లేని రోజు వాల్వు కట్టడానికి నేనే పైకి వెళ్ళాను. రెండు గంటలప్పుడు. టెర్రస్ తలుపు తీస్తే ఎండ మొహం మీద కొట్టింది, చెప్పుల్లోంచి కూడా నేల కాలింది. సోమయ్యను ట్యాంకు దిమ్మె దగ్గర ఇనప పైపుకు కట్టేశారు. గొలుసు మూడడుగులు ఉంటుందేమో. పొద్దున ఆ పక్క నీడ ఉంటుంది, మధ్యాహ్నానికి నీడ జరిగి గొలుసు అందనంత దూరం పోతుంది. ఆ మూడడుగుల మేర నేల మీద గొలుసు రాసుకుని రాసుకుని అరచంద్రాకారంలో తెల్లగా అరిగిపోయి ఉంది. సత్తు గిన్నె బోర్లా పడి ఉంది, ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఆ కుక్క పడుకోలేక నిలబడి ఉంది. నిలబడ్డం కూడా కాదు, ఒక కాలు ఎత్తి, అది దించి ఇంకొకటి ఎత్తి, అట్లా నాలుగు కాళ్ళూ మార్చుకుంటూ. 5 వేల లీటర్ల నీళ్ళ ట్యాంకుకు కట్టేసిన కుక్కకు తాగడానికి చుక్క నీళ్ళు లేవు. నన్ను చూసి తోక ఊపడానికి ప్రయత్నించింది.

501కు తాళం. శుక్రవారం బెంగళూరు వెళ్ళారట. ఆ రోజు ఆదివారం.

బకెట్టు నీళ్ళు పెట్టాను, మెడ దాకా ముంచేసింది. గొలుసు విప్పి మెట్ల మీదికి తెచ్చి కూర్చోబెట్టాను, పక్కన నేనూ కూర్చున్నాను. నాకు అప్పుడు గుర్తొచ్చింది రిజిస్టరు. 34 ఫిర్యాదులు. నిద్ర పోయిందని ఉంది, పిల్లల పరీక్షలని ఉంది, బీపీ పెరిగిందని ఉంది, కీడు అని ఉంది, ఫ్లాటు రేటు తగ్గుతుందని కూడా ఉంది. అది ఎందుకు ఏడుస్తోంది అని ఒక్కడంటే ఒక్కడు రాయలేదు. టైము నోటు చేసుకున్నారు, అంత రాత్రిపూట లేచి కూర్చుని నిమిషాలతో సహా నోటు చేసుకున్నారు, ఒక్క అంతస్తు మెట్లెక్కి చూడలేకపోయారు! నేనైనా ఏం చేశాను, డెసిబెల్స్ కొలిచాను. ఆ రాత్రి అది మా ఐదుగురి మీదికి ఎగిరెగిరి తోక ఊపింది నీళ్ళ కోసమని, మనిషి తోడు కోసమని, ఐదుగురు చదువుకున్న వెధవలకు, కన్వీనర్‌తో సహా, తట్టలేదు. టీ తాగాం. దాని ముందే తాగాం.

భారతం ఆదిపర్వంలో సరమ అనే కుక్క ఉంటుంది. దాని పిల్లను జనమేజయుడి తమ్ముళ్ళు ఉత్తపుణ్యానికి కొడితే, అది నేరుగా యాగం దగ్గరికే వెళ్ళి, రాజును నిలదీస్తుంది. మా పండితులుగారు ఈ కథ నలభై ఏళ్ళు పాఠం చెప్పారు. పైన రోజూ రాత్రి జరుగుతున్నది కూడా అదే. ముప్పై అయిదో ఫిర్యాదు అది, మా 34 కన్నా ముందునుంచీ వస్తోంది, ఆయన దాన్ని శునక రోదనము అని రాసి మాకిచ్చారు.

చట్టం లేదా అంటే ఉంది. జంతు హింస నివారణ చట్టం, 1960. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం నేరమని విడిగా, కుక్క పేరు పెట్టి మరీ రాశారు. శిక్ష ఎంతో తెలుసా? మొదటిసారి అయితే పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయల దాకా జరిమానా. యాభై రూపాయలు! 1960లో అదెంత డబ్బో గానీ ఇవాళ రెండు టీలు, ఒక మసాలా వడ. మా అపార్ట్‌మెంట్లో మెయింటెనెన్సు రెండు రోజులు లేటైతే వంద ఫైను.

501 ఆయన సోమవారం పొద్దున వచ్చాక అంతా చెప్పాను. గొలుసు ఎందుకు విప్పారని అడిగాడు. "పిల్లోడి సరదా సార్, ఇప్పుడు వాడు గూడా పట్టించుకోవడంల్యా, ఏం చేసేది?" అన్నాడు. వారం తర్వాత తనే నా తలుపు కొట్టాడు, మొహం వెలిగిపోతోంది. "ప్రాబ్లం సాల్వ్ అయిపోయింది సార్. మెడకు పట్టీ వస్తాదంట, నోరు తెరిస్తే సన్నగా కరెంటు కొడతాదంట. ఆర్డర్ పెట్టినా. ఇంక రిజిస్టర్ మూసేయొచ్చు మీరు."

ఆ పార్సెల్ మొన్న బుధవారం వచ్చింది. వాచ్‌మన్ నీడన పడుకున్న సోమయ్యకు పెరుగన్నం పెడుతున్నాడు (గేటు పక్కన వేపచెట్టు కిందికి మార్చాం, అది వేరే మీటింగు, దాని మినిట్స్ వేరే), కాబట్టి సంతకం నేనే పెట్టి తీసుకున్నాను. 501 ఆయన నాలుగు రోజులుగా వెతుకుతున్నాడు. డెలివరీ అయినట్టు ఫోన్లో చూపిస్తోందట. నిన్న సాయంత్రం లిఫ్టు దగ్గర పట్టుకున్నాడు.

"సార్, నా పార్సెల్ ఏమన్నా మీ దగ్గరికి వచ్చిందా?"

"మీ పట్టీ నేను చూడలేదప్పా," అన్నాను. చూడలేదు కూడా. డబ్బా విప్పితే కదా చూడటానికి, అట్లాగే సీలుతో మంచం కింద ఉంది.

"కాణిపాకంలో ప్రమాణం చేస్తారా?"

శనివారం పోదామన్నాను. కారు ఆయనదే. సోమయ్యను కూడా ఎక్కించమన్నాను, ఏసీ ఉంది కదా.