కెమెరా పడింది, బావమరిది క్షేమం

విశాఖపట్నంలో కెమెరా పడేసుకోవడానికి మంచి మంచి చోట్లున్నాయి. కైలాసగిరి అంచున నిలబడి కింద సముద్రాన్ని తీస్తూ పడేసుకోవచ్చు. తెన్నేటి పార్కు కింద రాళ్ళ మీద, అల వచ్చి మోకాళ్ళు తడిపే వేళ పడేసుకోవచ్చు. తెల్లారగట్ల ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే వలలూ బుట్టలూ చేపల నీళ్ళ మధ్య కాలు జారి మనిషీ కెమెరా కలిసే పడొచ్చు. అలా పడితే పదిమందికి చెప్పుకోవడానికి కాస్త గౌరవంగా ఉంటుంది. మా కెమెరా మాత్రం బీచ్ రోడ్డులో, చదునైన ఫుట్‌పాత్ మీద, మరమరాలతో కలిపే మురీ మిక్చర్ బండి ముందు పడింది.

పడేసినవాడు మా బావమరిది. పెళ్ళయిన మగవాళ్ళకి నా పరిస్థితి ఈపాటికే అర్థమై ఉంటుంది. సొంత తమ్ముడు పడేస్తే తిట్టొచ్చు. కొడుకు పడేస్తే వారం రోజులు ఫోన్ లాక్కోవచ్చు. భార్య తమ్ముడు పడేస్తే "నీకేం దెబ్బ తగల్లేదు కదా?" అని అడగాలి. అడిగాను.

శ్రీకాకుళం నుంచి అత్తగారివైపు వాళ్ళు వచ్చారు కదా అని ఊరు చూపించడానికి బయల్దేరాం. కెమెరా పొద్దున్నుంచీ వాడి దగ్గరే. మెడలో వేసుకోరా అంటే, "మెడలో వేసుకుంటే టూరిస్టులా ఉంటుంది బావా" అని బెల్టు ఒక భుజానికి తగిలించుకున్నాడు. కైలాసగిరి మీద టాయ్ ట్రైన్ ఎక్కి పిల్లలకంటే గట్టిగా కేకలేసినవాడు టూరిస్టు కాక మరేమిటో నాకు తెలీదు. శివపార్వతుల విగ్రహాల దగ్గర పిట్టగోడ ఎక్కి ఒంటికాలి మీద వంగాడు. తెన్నేటి పార్కు దగ్గర రాయి మీంచి రాయి మీదకి గెంతాడు. ప్రతిచోటా నేను వాడి వెనకాలే రెండు చేతులూ చాపి నిలబడ్డాను. మా ఆవిడ నన్ను అలా ఫోన్‌లో ఫొటో తీసి చెల్లెళ్ళ గ్రూపులో పెట్టింది కూడా. సాయంత్రం కుర్సురా సబ్‌మెరైన్ దగ్గరికి చేరేసరికి గండం గడిచిందనుకుని చేతులు దించాను.

అది ఎలాంటి చోటో చూడండి. ఇటువైపు 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా మునుగుతూ తేలుతూ కొలువు చేసి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా సేదదీరుతున్న జలాంతర్గామి. రోడ్డుకి అటువైపు టీయూ-142 యుద్ధవిమానం. 1988 నుంచి 2017 దాకా 29 ఏళ్ళు ప్రమాదమన్నది లేకుండా ఎగిరిన విమానం అది. నీళ్ళలో మునిగినదీ, గాలిలో ఎగిరినదీ రెండూ క్షేమంగా ఇంటికొచ్చి కూర్చున్నాయి. వాటి మధ్య నేల మీద నడుస్తున్న మా కెమెరా కూలింది.

జరిగింది ఇదీ. బండివాడు డబ్బులు కట్టే క్యూఆర్ కోడ్ అట్టని గాలికి ఎగిరిపోకుండా కింద చక్రం పక్కన కట్టాడు. స్కాన్ చెయ్యాలంటే వంగాలి. బావమరిది వంగాడు. భుజం వాలింది. బెల్టు జారింది.

మీటరు ఎత్తు నుంచి ఏదైనా నేలని తాకడానికి అర సెకను కూడా పట్టదు. సెకనులో నాలుగు వేలవ వంతు సమయంలో ఎగిరే పిట్టని కదలకుండా పట్టుకోగల కెమెరా అది. దాన్ని పట్టుకోవడానికి మాత్రం అంతమంది చుట్టాల్లో ఎవరి చేతులూ లేవలేదు. అందరి చేతుల్లోనూ మురీ మిక్చర్ పొట్లాలున్నాయి. బాడీ తేలిక, ముందున్న 85 ఎం.ఎం. లెన్సు బరువు. అందుకని భుజాన వేలాడేటప్పుడే మూతి కిందికి వాలి ఉంటుంది, పడటమూ అలాగే పడింది. గాజు పగిలిన చప్పుడు వినపడింది. సరిగ్గా అదే క్షణాన బండి మీది స్పీకరు డబ్బా, "ఎనభై రూపాయలు అందాయి" అని వీధంతా వినపడేలా చెప్పింది.

జనం మూగారు. మొదట వాకింగ్ బూట్లేసుకున్న పెద్దమనిషి వచ్చి అడిగాడు: "ఎంత పెట్టి కొన్నారండీ?" ఎవరిది ఏది పగిలినా మనవాళ్ళ మొదటి ప్రశ్న అదే; ధర తెలిశాక దానికి తగినట్టు జాలిపడతారు. చెప్పాను. ఆయన జాలి బాగానే పడ్డాడు. ఇంకొకాయన, "లోపల రీలు పాడై ఉంటుంది, ఎండలో తెరవకండి" అన్నాడు. ఓ అమ్మాయి వచ్చి, "రాత్రంతా బియ్యం డబ్బాలో పెట్టండంకుల్" అంది. నీళ్ళలో పడిన ఫోనుకి చెప్పే వైద్యం సిమెంటు మీద పడిన లెన్సుకి ఎలా పనిచేస్తుందో అడుగుదామనుకున్నాను గానీ, ఆ పిల్ల మొహంలో నిజమైన బాధ చూసి ఊరుకున్నాను. మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ విసనకర్ర ఆపి, "ఓలమ్మ, దిష్టి తగిలీసింది బాబూ" అని తేల్చేసింది. మా అత్తగారు వెంటనే ఒప్పుకున్నారు. దిష్టి అయితే కొడుకు తప్పేమీ ఉండదు.

ఇంత గొడవలోనూ తన పని మీద తను ఉన్నది బండివాడొక్కడే. "బాబూ, మీ పొట్లంలో ఉల్లిపాయ ఎక్కువెయ్యాలా?" అన్నాడు.

"ఎక్కువే వెయ్యి" అన్నాడు బావమరిది.

కెమెరా తిప్పి చూస్తే ముందుగాజు నక్షత్రంలా పగిలి ఉంది. అంతలో గుర్తొచ్చింది, లెన్సు ముందు దానికి కాపలాగా బిగించిన పల్చటి గాజు, యూవీ ఫిల్టర్ ఉందని. కాస్త ఊపిరి వచ్చింది. పక్కనే పెళ్ళికి ముందు ఫొటోలు తీస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ ఇసకలో వదిలేసి పరుగెత్తుకొచ్చారు. "ఫిల్టర్ ఉండబట్టి బతికింది సార్" అన్నాడు ఒకడు. "ఏం కాదు, ఫిల్టర్ గాజు పల్చన, లెన్సు గాజు మందం. ఇది పగిలిందని అదీ పగిలేదని ఏముంది? పైగా ఈ పెంకులే దాన్ని గీకేస్తాయి" అన్నాడు రెండోవాడు. ఫొటోలు తీసేవాళ్ళ మధ్య ఈ తగవు ఏళ్ళుగా నడుస్తూనే ఉంది. ఆ సాయంత్రం కూడా తెగలేదు. సూటు వేసుకున్న పెళ్ళికొడుకు చెమటలు కక్కుతూ, "అన్నా, వెలుగు పోతోంది" అని దూరం నుంచి అరిచేదాకా వాదించుకున్నారు. అయితే ఒక్క మాట మీద మాత్రం ఇద్దరూ కలిశారు: తుడవొద్దు, లెన్సు మూతి కిందికి పెట్టి గాలి ఊదాలి, పెంకులు వాటంతటవే రాలతాయి. సరిగ్గా అప్పుడే మా వాడు మిక్చర్ పొట్లం కాయితంతో లెన్సు తుడవబోయాడు.

"ఒరేయ్, ఆగు!" అన్నాను.

రోజంతా కలిపి నేను గట్టిగా అన్నది అదొక్కటే. మా ఆవిడ చూసిన చూపు మాత్రం రాత్రి దాకా నడిచింది. "కెమెరాయే కదండీ, వాడి వేలికి గాజు గుచ్చుకుని ఉంటే?" అంది. బావమరిది నన్ను ఓదార్చాడు: "వారంటీ ఉంటుంది కదా బావా." వారంటీ తయారీలో లోపానికి ఇస్తారు గానీ మన భుజం లోపానికి కాదని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

మర్నాడు ముగ్గురం జగదాంబ దగ్గర ఓ సందులో రిపేరు చేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. ఫిల్టర్ చుట్టూ ఉండే రింగు సొట్టపడి మరల్లో బిగుసుకుపోయింది, తిప్పితే రాదు. "పట్టకారు ఉందా, నేను లాగుతాను" అని బావమరిది ముందుకొచ్చాడు. పెద్దాయన వాణ్ణి ఓసారి ఎగాదిగా చూసి, స్టూలు చూపించి కూర్చోమన్నాడు. మిగిలిన పెంకుల్ని ఒక్కొక్కటే తీశాడు. లెన్సు గాజు మీద అట్టముక్క అమర్చి టేపు వేశాడు. సన్నటి రంపం బ్లేడుతో రింగులో రెండు గాట్లు పెట్టి, శ్రావణంతో లోపలికి మడిచాడు. కిర్రుమంది. మా ఆవిడ కళ్ళు మూసుకుంది. రింగు చేతిలోకి వచ్చేసింది. లోపలి గాజు మీద గీత కూడా లేదు.

"చెప్పానా!" అన్నాడు బావమరిది. ఏం చెప్పాడో ఇప్పటికీ తెలీదు.

తర్వాత పెద్దాయన గోడకి పేపరు అతికించి, లెన్సులోకి వెలుగు వచ్చే కంత, అదే ఎపర్చర్, పూర్తిగా తెరిచి ఓ ఫొటో తీసి పెద్దది చేసి చూపించాడు. కుడివైపు మూల బంగారం ధరలు అంకెలతో సహా కనపడుతున్నాయి. ఎడమవైపు మూల పెళ్ళి సంబంధాలు మసకబారిపోయాయి. దెబ్బకి లోపలి గాజుల్లో ఒకటి వెంట్రుకవాసి పక్కకి జరిగిందట. విప్పి సరిచెయ్యాలన్నాడు. అని, అలవాటు కొద్దీ వెనక నుంచి టార్చి వేసి చూసి, "ఇదేంటి?" అన్నాడు.

లోపల సన్నటి తెల్లటి దారాలు. ఫంగస్. "ఇది నిన్న పడినందుకు వచ్చింది కాదు, నెలల తరబడి పెరిగింది. ఎక్కడ పెడతారు దీన్ని?"

బీరువాలో. పట్టుచీరల కింద, తోలు సంచీలో, తాళం వేసి. పిల్లల చేతికి అందకూడదని మా ఆవిడ చేసిన ఏర్పాటు అది. చీకటి, గాలాడని చోటు, తోలు, వాటికి తోడు సముద్రపు తేమ. ఫంగస్‌కి కొత్తల్లుడి మర్యాదలే. బీచ్ దగ్గర ఇళ్ళలో కిటికీ గ్రిల్లులే తుప్పు పట్టిపోతుంటే లెన్సు ఒక లెక్కా అన్నాడు పెద్దాయన. మూత గట్టిగా పట్టే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలట. ఇప్పుడైతే శుభ్రం చేస్తే పోతుంది, ఇంకొన్నాళ్ళు ఆగితే గాజు మీది పూతని తినేస్తుందట.

"చూశావా బావా! పడబట్టే బయటపడింది" అన్నాడు బావమరిది స్టూలు మీంచి లేచి.

"బీరువాలో పెట్టిందెవరు?" అని పెద్దాయన మళ్ళీ అడిగాడు. కాపురంలో ఇలాంటి అవకాశాలు తరచుగా రావు. నేను గోడ మీది పేపరు వైపు తిరిగి బంగారం ధరలు చదవడం మొదలుపెట్టాను.

ఎలాగూ ఫంగస్ కోసం విప్పాలి కాబట్టి గాజు సరిచెయ్యడం కూడా అందులోనే అయిపోతుందనీ, రెండు పనులకీ ఒకే కూలీ అనీ పెద్దాయన చెప్పాడు. బావమరిది వెంటనే ఫోన్ తీసి లెక్క కట్టాడు. తన వల్ల మాకు ఎంత మిగిలిందో చూపించి, ఆ డబ్బుతో ఓ ట్రైపాడ్ కొందాం బావా అన్నాడు.

"కొనండి, పాపం నోరు తెరిచి అడుగుతున్నాడు. కానీ అది వాడి దగ్గరే ఉండనివ్వండి. మీ చేతికిస్తే బీరువాలో పెట్టేస్తారు" అంది మా ఆవిడ.