అత్తయ్య ధూపం, మా ఆయన మిషను

సాంబ్రాణికీ గుగ్గిలానికీ తేడా తెలియనివాళ్లతో మా అత్తయ్య ఎక్కువసేపు మాట్లాడదు. సాంబ్రాణి సుమత్రా దీవి వైపు నుంచి ఓడల్లో వచ్చిన చెట్టు బంక. గుగ్గిలం సాలచెట్టు కార్చేది. శుక్రవారం దీపం పెట్టాక ఈ రెండూ నిప్పుల మీద పడాలి, అంతే. అది మామూలు రోజుల ధూపం. కొత్తింటికి మాత్రం వేరే లెక్క ఉంది. అందుకే తెనాలి బస్సు దిగేటప్పటికి ఆవిడ చేతిలో ఓ బియ్యం సంచి, అందులో నీడన ఎండబెట్టిన వేపాకు, వావిలాకు, తులసి పుల్లలు, వెల్లుల్లి పొట్టు ఉన్నాయి. బట్టలున్న సంచి ఇంతకన్నా చిన్నది.

మాది హైదరాబాద్‌లో తొమ్మిదో అంతస్తు. మా ఆయనకు గాలి మీద పట్టింపు ఎక్కువ. హాల్లో గాలి శుభ్రం చేసే మిషను పెట్టి, దాని మీద వెలిగే అంకెను పూటపూటా చూసుకుంటాడు. ఆ రోజు ముప్పై ఉంది. ముప్పై అంటే ఆయనకు పండగే.

అత్తయ్య కొబ్బరి చిప్పలు గ్యాసు పొయ్యి మీదే కాల్చి, మట్టి మూకుట్లో నిప్పులు చేసింది. ఆకులు గుప్పిళ్లతో వేసింది. "తలుపులు మూసెయ్యమ్మాయ్, పొగ మూలమూలకీ పోవాలి" అంది. చివర్లో ఆవాలు, ఎండుమిరపకాయలు పడ్డాయి.

దిష్టి ఉంటే మిరపకాయ ఎంత కాలినా ఘాటు రాదని పెద్దల మాట. మాకు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. దగ్గలేక మా ఆయన సోఫా వెనక్కి చేరాడు.

"మీకు దిష్టి లేదురా" అంది అత్తయ్య, కాస్త నిరాశగానే. "ఉన్నదల్లా మలినమే."

మిషను గుర్రుమని లేచింది. అంకె నూట ఎనభై, మూడొందల పది, చివరికి తొమ్మిది వందల తొంభై తొమ్మిది. అంతకుమించి చూపించడానికి దాని దగ్గర గళ్లు లేవు.

"ఏమిట్రా ఆ లెక్క?"

"గాలిలో మలినం అమ్మా!"

"చూశావా! ఎన్నాళ్లది పట్టుకుని ఉందో! మొత్తం బయటికొస్తోంది." ఇంకో గుప్పెడు వావిలాకు వేసింది.

ఊపిరాడక నేను వీధి తలుపు తీశాను. పొగ వరండాలోకి వెళ్లింది. అక్కడి అలారానికి వేపాకేమిటో, వైరు కాలిన కంపేమిటో తేడా తెలియదు కదా, కొట్టేసింది. లిఫ్టులు ఆగాయి. పై నాలుగు అంతస్తుల జనం పిల్లల్ని, పాస్‌పోర్టుల్ని చంకనేసుకుని మెట్ల మీద పడ్డారు. సీలింగులో నీళ్లు చిమ్మే గొట్టానికి ఉండే ఎర్ర గాజుబుడ్డి అరవై ఎనిమిది డిగ్రీల వేడికి గానీ పగలదు, పొగతో దానికి పనిలేదు. ఈ సంగతి నాకు చెప్పిందే మా ఆయన. చెప్తూనే టీవీ మీద దుప్పటి కప్పుతున్నాడు.

వాచ్‌మన్ మంటలార్పే సిలిండరు ఎత్తుకుని ఆయాసపడుతూ వచ్చాడు.

"చెప్పులు బయట, నాయనా" అంది అత్తయ్య. అతను విప్పాడు. సిలిండరు పక్కన పెట్టి, మూకుడు ముందు రెండు చేతులూ చాచి, పొగ తల మీదికి అద్దుకున్నాడు కూడా. వెనకే వచ్చిన సంఘం సెక్రటరీ ఏదో గట్టిగా మొదలుపెట్టబోయాడు గానీ మిరపఘాటు తగిలి, తుమ్ములతోనే వెనక్కి వెళ్లాడు.

కిటికీలన్నీ తీశాం. మా ఆయన మిషను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆరొందలు, రెండొందలు, డెబ్భై... రాత్రి భోజనాల వేళకి ఇరవై ఎనిమిది.

"పొద్దున ఎంతుందిరా?"

"ముప్పై" అన్నాడు మా ఆయన. వెంటనే నాలిక కరుచుకున్నాడు గానీ, మాట దాటిపోయింది.

అత్తయ్య మిషను చుట్టూ ఒకసారి తిరిగి, బరువు చూసి, ప్లగ్గు పీకింది. "ఇది నాతో ఊరికి పంపరా. ఇన్నేళ్లూ ధూపం వేస్తున్నా, పనిచేసిందో లేదో చెప్పేదే లేకపోయింది."